ముప్పై ఒకటో దూలం

తాడుకు అవతల గుడి, ఇవతల నాగక్క. పొద్దున్నే ఎవరో పసుపుపచ్చ నైలాన్ తాడు తెచ్చి టికెట్ల గది మూల నుంచి చెప్పుల స్టాండు దాకా ఇనుప కడ్డీలకు బిగించి పోయారు. నలభై ఏళ్లలో ఆ గుడికీ ఆమెకూ నడుమ అడ్డమంటూ వచ్చింది ఇదే. తునికాకు కోసుకొస్తూ వాన తగిలితే ఆ మండపంలోకే ఉరికేది. మేక తప్పిపోతే ముందు అక్కడే వెతికేది. మొగుడు బొజ్జయ్య జ్వరంతో చనిపోయిన ఏడాది ఇల్లు కురిసి కూలితే, బిడ్డను చంకనేసుకుని రెండు నెలలు ఆ స్తంభాల మధ్యే వండుకుని తిన్నది. లోపలున్న శివుడు ఇదేమిటని అడగలేదు. ఇప్పుడు తాడు. టికెట్ల గది గోడ గడియారంలో పెద్దముల్లు ఎనిమిది మీద ఉంది, చిన్నముల్లు తొమ్మిది దాటి పదికి దగ్గరవుతోంది. గడియారం చూడటం ఆమె అక్షరాలతో పాటే నేర్చుకుంది, యాభై దాటాక. ముహూర్తం పదీ నలభైకి. అంటే ఇంకొక గంట. గంటలో పెద్దవాళ్లు వస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, మండపంలో నిలబడి ఫొటోలు దిగుతారు, వాళ్ల ముందు ఆడపిల్లలు రేలా ఆడతారు. ఆ పిల్లలు అప్పుడే మండపం నడుమ గుండ్రటి బండ మీద చేరి అడుగులు సరిచూసుకుంటున్నారు. పదిమంది, అందరికీ ఒకే ఆకుపచ్చ చీర, మోకాళ్ల కిందికి బిగించి కట్టినది. అటునుంచి మూడో పిల్ల శ్రావణి, నాగక్క బిడ్డ కన్న బిడ్డ. వాళ్ల తలల మీద ముప్పై ఒకటో దూలం ఉంది. అది పగిలిన దూలం. ఆ సంగతి నాగక్కకు తెలుసు. తెలిసి కూర్చుంది, కూర్చుని కొంగు అంచును వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి.

మైకులో పాట మొదలైంది. మండపానికి అటొకటి ఇటొకటి నల్ల పెట్టెలు, మనిషెత్తువి. పాట చెవికి చేరకముందే నేలకు చేరుతోంది, ధబ్ ధబ్ మని, కూర్చున్న చోటు నుంచి వెన్నులోకి ఎక్కుతోంది. నేలకే ఇట్లా ఉంటే రాతికి ఎట్లా ఉంటుంది. మునుపు ఈ గుడిలో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కారు. ఎవరో వద్దన్నారని కాదు, గబ్బిలాలు లేస్తాయని. గర్భగుడి చీకట్లో అవి నల్లటి కాయల్లా వేలాడేవి, ఆ వాసన, ఆ తడి రాతి చల్లదనం, కాలి కింద మెత్తగా నలిగే ఎండాకు, అన్నీ కలిస్తేనే బండలగుడి. బోర్డు మీద ఇప్పుడు వేరే పేరుంది, ఆమె కూడబలుక్కుని చదివింది, హెరిటేజ్ కాంప్లెక్స్ అని. గబ్బిలాలను పొగబెట్టి తోలారు. గోడలకు మందునీళ్లు కొట్టి తోమారు, నూనె ఓడినట్టు నల్లగా ఉండే రాయి పెంకు వొలిచిన గుడ్డులా బయటపడింది. చుట్టూ పచ్చగడ్డి పరిచి, దానిమీదికి మేకను రానివ్వడం లేదు. గడ్డిలో లైట్లు పాతారు, తెల్లార్లూ వెలుగుతాయి. ఆమెతో పాటు ఊడ్చే తండా మనిషి రూప్లి మొదటిరోజే అన్నది, "ఇంత ఎల్తురుల ఆ సామికి నిద్రెట్ల పడ్తదే అక్కా, మనకన్న రేకు తలుపున్నది" అని. ఇద్దరూ చీపుళ్లు పట్టుకుని కడుపుబ్బ నవ్వారు. భద్రాచలం పోయే బస్సులు ఇప్పుడిక్కడ ఆగుతున్నాయి. దిగినవాళ్లు ఎర్ర గుండె బొమ్మ ఉన్న పెద్దక్షరాల ముందు నిలబడి, గుడికి వీపు పెట్టి ఫొటో దిగుతారు. రోడ్డు వచ్చింది, నాగక్కకు నీలం కోటు వచ్చింది, నెల జీతం వచ్చింది, కాదనదు. పోయింది జువ్విచెట్టు. పిట్ట వేసిన గింజ మండపం కప్పు మీద మొలిచి ఎప్పుడో మానైంది, దాని వేళ్లు దూలాలను గుప్పిట పట్టినట్టు పట్టి, స్తంభాల వెంట దిగి నేలలో దిగబడ్డాయి. చెట్టే గుడిని చీల్చిందని ఇంజనీర్లు అన్నారు. నిజమే కావచ్చు. చీల్చిందీ అదే, పడకుండా పట్టుకున్నదీ అదే, కొన్ని కాపురాల్లాగ. కోసిన రోజు దాని పాలు రాతిమీద తెల్లగా కారాయి. తుడవబోతే చేతికి అంటుకుని రెండు రోజులు పోలేదు.

చెట్టు పోయాక గుడిని విప్పారు. గుడిని విప్పుతారని ఆమె అంతకుముందు వినలేదు. క్రేను వచ్చింది, ఒక్కో రాయినీ బెల్టు కట్టి దించి, తెల్ల రంగుతో నంబరు వేసి, పక్కనున్న పగిడయ్య పొలంలో వరుసగా పడుకోబెట్టారు. తర్వాత పని ఆగిపోయింది. ఎందుకాగిందో గూడేనికి ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు ఆ రాళ్లు పొలంలోనే ఉన్నాయి, వాటి సందుల్లో కంది మొలిచింది, పాములు గుడ్లు పెట్టాయి. ఆ మూడేళ్లలోనే అంగన్‌వాడీ సుజన సాయంత్రాలు ఆడవాళ్లకు పలక పట్టించింది. అందరూ పుస్తకంలో అంకెలు చదివితే నాగక్క పొలంలో చదివింది. పలక మీద పదిహేడు దిద్ది, మరునాడు మేకల వెంట పోతూ పదిహేడో రాయిని వెతికి పట్టుకునేది. అదేదో చుట్టాన్ని పేరుపెట్టి పిలిచినంత సంతోషం. ఇరవై రెండు నంది ముక్కు పగిలిన రాయి. ముప్పై తామరపువ్వు. ముప్పై ఒకటి పొడుగాటి దూలం, పువ్వూ లేదు బొమ్మా లేదు, ఉత్తది. శ్రావణి అప్పుడు రెండో తరగతి, ఆ దూలం మీద కూర్చుని కాళ్లూపుతూ, అవ్వా తప్పు చదివినవ్ అని వెక్కిరించేది. శివరాత్రి ముందురోజు గుడికి నీళ్లు పోయడం ఆ గూడెం ఆడవాళ్ల వంతు. అత్త పోసింది, అత్తకు అత్త పోసింది, పీచూ ఇటుకపొడీ పెట్టి తోమి మరీ పోశారు. గుడి నిలబడి ఉంటే నిలబడ్డ గుడికి, పడుకుని ఉంటే పడుకున్న గుడికి. నాగక్క పొలంలోని రాళ్లకు పోసింది. అలవాటుపడ్డ చేయి, రాయి దొరికితే తోముతుంది. రెండు వరుసలయ్యాక వెనక్కి తిరిగి చూస్తే నంబర్లు లేవు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది, ఎవరూ లేరు, కంది చేను ఒకటే గాలికి ఊగుతోంది. వాచ్‌మన్ గుడిసెలో అడుగున రంగు మిగిలిన డబ్బా ఒకటి ఉంది. ఆ మధ్యాహ్నమంతా మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో అంకె తిరిగి రాసింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు, ఇప్పటికీ ప్రమాణం చేస్తుంది, ఏ రాయి ఏదో ఆమెకు నోటికొచ్చు. సుజన పలక మీద రాసిన దానికన్నా గుండ్రంగా వచ్చాయి, లేచి నిలబడి చూసుకుని పొంగిపోయింది కూడా. ఒక్క సంగతి. ముప్పై ఒకటో దూలానికి కింది పక్క అడ్డంగా ఎర్రటి గీత ఉండేది, జానెడుంటుంది, కొసకు చిన్న సున్న. అది అక్షరం కాదు. అంకె కాదు. పలక మీద ఎప్పుడూ చూడలేదు. ఎవరో మొక్కుకున్నవాళ్లు కుంకం రాసి ఉంటారనుకుంది. అక్షరాలు రాని రోజుల్లోనైతే ప్రతి గీతకూ భయపడేది, దేన్నీ చెరపకపోయేది. వచ్చాక భయం పోయింది. ఆ ఎర్రది అంత తొందరగా వదల్లేదు, ఇటుకపొడి ఇంకో పిడికెడు వేసి మరీ రుద్దింది.

తుల్సీరాం మేస్త్రి ఆ మాట చెప్పి ఇరవై రోజులైంది. గుడి మళ్లీ లేచి నిలబడింది, పనంతా అయిపోయింది, టీ తాగుతూ ఎవరో ఖమ్మం నుంచి వచ్చిన ఆసామికి గొప్పగా చెబుతున్నాడు, ఎట్లా విప్పారో ఎట్లా ఎక్కించారో. నాగక్క ఆ పక్కన కప్పులేరుతోంది. తెల్ల నంబరు రాయి ఉండే చోటు చెబుతుందట. "ఎర్రగీత ఉంటే సచ్చిన రాయి అన్నట్టు. లోపల పగులుంటది. దాన్ని ఎక్కియ్యం, కొత్తది చెక్కుతం." ఎన్ని ఉన్నాయని ఆ ఆసామి అడిగాడు. కాయితం మీద మూడని రాసి ఉందట, పొలంలో రెండే దొరికాయట, రాసినోడు తప్పు రాశాడనుకున్నారట. తుల్సీరాం నవ్వాడు, ఆ ఆసామీ నవ్వాడు. నాగక్క చేతిలోని కప్పుల దొంతి ఒరిగింది, చల్లారిన టీ కాలి మీద పడింది, అంతే. ఆ రోజు జనం పోయాక బూజు దులిపే వెదురుబొంగు తీసుకుని దూలాలను ఒక్కొక్కటిగా తట్టింది. పెళ్లయిన కొత్తలో బొజ్జయ్య ఇల్లందు దిక్కు బొగ్గుబాయిలో నాలుగేళ్లు చేశాడు. భూమి లోపల పని మొదలుపెట్టేముందు కట్టెతో పైకప్పును తడతారట. ఖంగుమంటే మంచి కప్పు. బోలుగా పలికితే వెనక్కి నడవాలి, ఉరకకూడదు, నడవాలి. ముప్పై ఖంగుమన్నది. ముప్పై రెండు ఖంగుమన్నది. ముప్పై ఒకటి ఎండిన సొరకాయలా పలికింది. బొంగు తప్పు తగిలిందేమోనని మళ్లీ తట్టింది. మూడోసారి తట్టడానికి చేయి లేవలేదు. దాని మరుసటి వారమే దూలం కింద ఆసరాగా ఇనుప పోటు ఒకటి నిలబెట్టారు, అడిగితే రంగు ఆరడానికన్నారు. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది, ఎవరికో తెలుసన్నమాట. నిన్న సాయంత్రం ఆ పోటు తీసేశారు. ఈ పొద్దున ఊడ్చేటప్పుడు గుండ్రటి బండ మీద, సరిగ్గా దాని నడుమ, చిటికెడు పొడి. ముందు బియ్యప్పిండి అనుకుంది, ఎవరో ముగ్గు వేశారేమోనని. వేలితో నలిపితే గరుకు. ఊడ్చింది. అవతలి పక్క ఊడ్చి వచ్చేసరికి మళ్లీ చిటికెడు.

పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చింది. గడ్డి మీద నడుచుకుంటూ నిర్మలాదేవి వస్తోంది, పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని. గుడి కమిటీకి ఆమే పెద్ద, మామిడితోటల వెంకటరామారావు భార్య. వాళ్ల పెద్దలు కృష్ణా దిక్కు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మంచి మనిషే, శ్రావణికి హాస్టలు సీటు ఆమె చెబితేనే వచ్చింది. తాడు దగ్గర ఆగి గొంతు తగ్గించింది. "నాగక్కా, ఏమీ అనుకోకమ్మా. ముహూర్తం టైముకి నువ్వు కాస్త ఇటేపే ఉండు. వచ్చేవాళ్లు ఎదురూ అదీ చూస్తారు. నాకైతే పట్టింపు లేదనుకో." నాగక్క సరేనంది. సరేనన్నాక అర్థమైంది ఏమన్నదో. వాళ్ల గూడెంలో మొగుడు పోయిన ఆడదాన్ని పండగకు పక్కన కూర్చోబెట్టరు, కావాలంటే మళ్లీ మనువాడుతుంది. ఈ గుడిలో ఇన్నేళ్లు దీపం పెట్టింది ఈ బోసి నొసటి మనిషే కదా, గబ్బిలాలు ఉన్నన్నాళ్లు ఎవరికీ ఎదురు కాలేదు. గబ్బిలాలు పోయాకే ముహూర్తాలు వచ్చాయి, పంతులు వచ్చాడు, ఎదురు వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది, అమ్మా ఆ దూలం, అని. నిర్మలాదేవి అప్పటికే తిరిగిపోయింది, పూలు తక్కువయ్యాయని ఎవరినో కేకేస్తోంది. పిల్లను బయటికి పిలిస్తే? పొద్దున పిలిచింది. కడుపు నొప్పని చెప్పి ఇంటికి పోదాం పావె అని. శ్రావణి చుట్టూ చూసి, పళ్ల సందున, "అవ్వా, నువ్విటు రాకు, మేడం చూస్తది" అంది. నెల రోజులుగా ఆ మేడం దగ్గరే ఆట నేర్చుకుంది మరి. పిల్ల వచ్చి ఉంటే నాగక్క నిజంగా పోయేదా, మిగతా తొమ్మిదిమందిని ఆ బండ మీదే ఉంచి? పోయేదే. ఆ సంగతి తనకే తెలిసి, ఎవరూ చూడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంజనీరు జయప్రకాశ్ కనబడ్డాడు, పెట్టెల వైర్ల దగ్గర, కొత్త చొక్కా, నిద్రలేని కళ్లు. ఆయన్ని చూడగానే కాళ్లు లేచాయి, తాడు వెంట నడుచుకుంటూ పోయి ఆయన ఎదుట నిలబడింది. ఇది చెబితే నీలం కోటు పోతుంది, జైల్లో కూడా పెడతారేమో, ప్రభుత్వం రాయి.

"సారూ, ముప్పై ఒకటో దూలం మీది ఎర్రగీత నేనే కడిగిన. కుంకమనుకున్న."

ఆయన ఏ గీత అని అడగలేదు. ఏ దూలం అని పైకి చూడలేదు. అటూ ఇటూ చూసి, వైరు చుట్టుకుంటూనే అన్నాడు, "తెల్సు నాగక్కా. ఎక్కిచ్చినంక చూసినం. పగుల్ల గమ్ము పట్టిచ్చినం. ఏం గాదు."

"ఏం గాకుంటే పోటెందుకు వెట్టిన్రు సారూ? వెట్టినోళ్లు ఎందుకు తీసిన్రు?"

"ఫొటోలల్ల మంచిగ అగుపడదన్నరు. పైనోళ్లు. రేపు మళ్ల పెడ్తం." గొంతు ఇంకా దించాడు. "ఒక్క పూట. ఒక్క పూట ఊకో."

ఊకోవడం ఆమెకు కొత్త కాదు. వచ్చి మళ్లీ తన చోట కూర్చుంది. ఒక్క పూట. ఎనిమిది వందల ఏళ్లు నిలబడ్డది ఒక్క పూట నిలబడదా అని ఆయన నమ్మకం. నిలబడుతుందేమో. అప్పుడు చెట్టు పట్టుకుని ఉంది, అప్పుడీ పెట్టెలు లేవు. నిలబడితే నాగక్క పిచ్చిది. పండగ చెడగొట్టింది. శ్రావణిని బళ్లో అంటారు, మీ అవ్వే కదా. నిలబడకపోతే. నిలబడకపోతే అనుకోగానే ఆలోచన అక్కడ ఆగి ముందుకు కదలడం లేదు, ఎడ్లు వాగు ముందు ఆగినట్టు. తాను ఆ గీత తుడిచిందనే ఇన్నాళ్లు నిద్ర పట్టలేదు. తుడిచింది తను, నిజమే. చూసి కూడా ఉంచింది వాళ్లు. తన తప్పు సగమైందని తేలిక పడబోయింది, పడలేకపోయింది. తప్పును ఎందరు పంచుకున్నా రాయి బరువు తగ్గదు. పాట మారింది, ధబ్ ధబ్ మరింత జోరైంది, పిల్లలు గుండ్రంగా చేయీ చేయీ పట్టి ఒక్కసారిగా పాదం వేస్తున్నారు, పది పాదాలు, మళ్లీ పది పాదాలు. ఎండ ఏటవాలుగా మండపంలోకి దిగింది. ఆ ఎండలో ఆమెకు సన్నగా తెల్లటి దారం కనిపించింది, పై నుంచి కిందికి, శ్రావణి భుజం పక్కగా. పిల్ల భుజం దులుపుకుని నవ్వుతూ మళ్లీ చేయి అందించింది. రూప్లి పక్కకు వచ్చి కూర్చుని, నీకేమైందే, మొహం గట్ల పెట్టినవ్ అని అడిగింది. ఏం లేదంది.

కార్ల హారన్లు వినబడ్డాయి. డప్పులు లేచాయి. గేటు దగ్గర దుమ్ము, దుమ్ములో తెల్ల చొక్కాలు, పంతులు చేతిలో పూర్ణకుంభం, నిర్మలాదేవి చేతిలో హారతి పళ్లెం, ఆమె పక్కన వెంకటరామారావు. పిల్లలను ఎవరో బండ మీద వరుసగా నిలబెట్టి, కదలొద్దన్నారు. కదలొద్దు. కేకేస్తే వినబడదు, ఆ పెట్టెల ముందు ఆమె గొంతెంత. విన్నా నమ్మరు, ఇంజనీరు లేదంటాడు, ఇద్దరు మనుషులొచ్చి చెయ్యిపట్టి షెడ్డు వెనక్కి తీసుకుపోతారు. ఊడ్చేదాని మాటకు గుడి ఆగదు. మరి దేనికి ఆగుతుంది? నాగక్క లేచి నిలబడి నీలం కోటు గుండీలు విప్పింది. కోటులో ఉంటే ఊడ్చే మనిషి, ఎవరి కంటా పడదు. కోటు మడిచి రూప్లి ఒళ్లో పెట్టింది. తలమీది కొంగు తీసి, బోసి నొసలు ఎండకు పెట్టి, తాడు కిందినుంచి వంగి అవతలికి దాటింది.

ఉరకలేదు. నడిచింది. గడ్డి మెత్తగా ఉంది. వచ్చేవాళ్లు మెట్ల దగ్గరికి చేరకముందే ఆమె మెట్లెక్కి, పై మెట్టు మీద వాళ్ల వైపు తిరిగి నిలబడింది. పంతులు చదివే మంత్రం నడుమలో ఆగిపోయింది. ముందున్న తెల్ల చొక్కా ఆసామి ఆమె నొసలు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆయన వెనకాల వాళ్లు ఆయనకు తగిలి ఆగారు. నిర్మలాదేవి మొహంలో కోపం రాలేదు ఇంకా, నమ్మలేకపోవడమే ఉంది. నాగక్క వెనక్కి తిరిగి, పిల్లల మధ్యనుంచి పోయి, గుండ్రటి బండ నడుమ కూర్చుంది. కాళ్లు ముడుచుకుని, తన ఇంట్లో కూర్చున్నట్టు. ఎవరో పాట ఆపారు. అపశకునమనీ, నీళ్లు చల్లి శుద్ధి చేయాలనీ, ముహూర్తానికి ఇంకా పావుగంట ఉందనీ పంతులు తొందర తొందరగా చెబుతున్నాడు. ముందు ఆ పిల్లలను బయటికి రమ్మనండి అన్నాడు. ఆ మాట కోసమే ఆమె అన్నేళ్లు వైధవ్యం మోసినట్టు అనిపించింది. పదిమందీ దిగారు, చీరలు ఎత్తి పట్టుకుని, ఒకరి వెనక ఒకరు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మూడో పిల్ల ఆమె పక్కనుంచే పోయింది. పోతూ ఆగింది. కళ్లనిండా నీళ్లు, సిగ్గుతో నల్లబడ్డ మొహం.

"ఎందుకవ్వా?" అంది.

"పో. అవతలికి పో" అంది నాగక్క.

పిల్ల దిగిపోయింది. మండపంలో ఇంకెవరూ లేరు. బయట గొంతులు లేస్తున్నాయి, తాగిందా అని ఒకరు, పిచ్చిదని ఒకరు. లాక్కొచ్చెయ్యండి అన్నారు గానీ ముహూర్తం వేళ ఆమెను ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. వెంకటరామారావు జనంలోకి చూసి, "ఏమయ్యా జయప్రకాశ్, మీ పనిమనిషే కదా, వెళ్లి తీసుకురా" అన్నాడు. జనం పక్కకు తప్పుకుని ఇంజనీరుకు దారి ఇచ్చారు. ఆయన మొదటి మెట్టెక్కాడు. రెండోది ఎక్కాడు. పై మెట్టు మీదికి వచ్చి, లోపలికి వెయ్యడానికి కుడికాలు ఎత్తాడు. ఎత్తిన కాలు గాలిలోనే ఉండిపోయింది. ఆయన కళ్లు ఆమెను వదిలి పైకి, కప్పు వైపుకు పోయాయి. ఏమయ్యా అని వెనకనుంచి ఇంకోసారి పిలుపు వచ్చింది. ఆయన కాలు లోపలికి పడలేదు. మెల్లగా వెనక్కి వచ్చి మెట్టు మీదే ఆనింది. అప్పుడు జనంలో ముందు ఒకరు, తర్వాత నిర్మలాదేవి, తర్వాత అందరూ, ఆయన ఎటు చూశాడో అటు తలలెత్తారు. నాగక్క పైకి చూడలేదు. ఆయన కాలునే చూస్తూ కూర్చుంది.